నీళ్లు పోయే వాటం

కొత్త ఇల్లు చూపిస్తామని ఎవరు పిలిచినా నా కళ్లు ముందు బాత్‌రూమ్ నేల మీదికే పోతాయి. జాలీ ఏ మూలన ఉంది, వాటం అటే ఇచ్చారా, గోడా నేలా కలిసేచోట సందులు సరిగ్గా పూడ్చారా అని చూస్తాను. ఇంట్లో ఎక్కువ ఆలోచన పట్టే గది అదే.

ఆ గదికి ప్రాణం ఒక వంపు గొట్టం. 1775లో లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమ్మింగ్ కమోడ్ కింది గొట్టాన్ని ఎస్ ఆకారంలో వంచి పేటెంట్ తీసుకున్నాడు. ఫ్లష్ చేసిన ప్రతిసారీ ఆ వంపులో కొన్ని నీళ్లు నిలిచిపోతాయి. కింది మురుగు వాసన పైకి రాకుండా ఆపేవి ఆ నీళ్లే. మరుగుదొడ్డి పడకగది పక్కకు చేరిందంటే దాని చలవే. ఇవాళ మన ప్లంబర్లు నేలలో బిగించే నహానీ ట్రాప్‌దీ అదే సూత్రం. వేసవి సెలవులకు ఊరెళ్లి తిరిగొచ్చి తలుపు తీయగానే గుప్పున కంపు కొట్టిందంటే, చాలాసార్లు ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి ఉంటాయి. అప్పుడు ఫినాయిల్ కోసం వెతకనక్కర్లేదు, జాలీలో చెంబెడు నీళ్లు పోస్తే చాలు.

ఇంట్లో కంపు ఆగింది గానీ లండన్ ఫ్లష్‌ల మురుగంతా థేమ్స్ నదిలో కలిసింది. 1858 వేసవిలో ఆ దుర్గంధం పార్లమెంటు సభ్యులనే కూర్చోనివ్వకపోయేసరికి, ఇంజినీరు జోసెఫ్ బజాల్జెట్ చేత నగరమంతటా భూగర్భ కాలువలు కట్టించారు.

గది రూపు కూడా ఆ తర్వాతే మారింది. అంతకుముందు కలిగినవాళ్ల ఇళ్లలో కమోడ్‌ను చెక్కపెట్టెలో బిగించి దాచేవారు. చెక్క తడికి నానేది, దాని వెనక చేరిన మురికి చేతికి అందేది కాదు. 1883లో థామస్ ట్వైఫర్డ్ ‘యూనిటాస్’ పేరుతో పింగాణీ కమోడ్‌ను ఒకే ముక్కగా చేసి, పెట్టె లేకుండా నేల మీద నిలబెట్టాడు. ఇక చుట్టూ గుడ్డతో తుడవొచ్చు. మొదట్లో వాటి మీద పూలూ లతలూ వేసేవారు. రోగాలకు మూలం సూక్ష్మజీవులని తెలిసేకొద్దీ పూలు పోయి తెలుపు మిగిలింది. మరక పడితే కనబడాలి, కడిగితే పోవాలి. తెల్ల టైల్స్ అందం నాకు అక్కడే కనిపిస్తుంది.

ఆ ట్వైఫర్డ్స్ సంస్థతో కలిసే 1960లలో మన దేశంలో హిందుస్థాన్ ట్వైఫర్డ్స్ మొదలైంది. తర్వాత అదే హింద్‌వేర్ అయింది. సరుకుతో పాటు ఇంగ్లండ్ వాళ్ల గది నమూనా కూడా మనకొచ్చింది, చిక్కంతా అక్కడే. వాళ్ల స్నానం తొట్టెలో, నేల పొడిగా ఉంటుంది. మనకు నేలే తొట్టె. బకెట్టూ మగ్గూ పెట్టుకుని, నలుగు పెట్టుకుని, కుంకుడు రసంతో తలంటుకునే చోట అద్దంలాంటి టైల్స్ పరిస్తే, కాలు జారేది ముందు ఇంట్లో పెద్దవాళ్లకే. అందుకే గరుకు టైల్స్ వేయమని పోరుతుంటాను. మీటరుకు సెంటీమీటరుకు తగ్గకుండా వాటం ఇవ్వమనీ చెబుతాను. మంచి మేస్త్రీలకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. టైల్ పరిచేముందు దారం కట్టి, లెవెల్ చూసుకుని, జాలీ వైపు మిల్లీమీటర్ల లెక్కన దించుకుంటూ వస్తారు. ఆ పనితనం పూర్తయిన గదిలో కంటికి కనిపించదు గనుక, పొగిడేవాళ్లూ తక్కువే.

ఇప్పుడు గోడకు వేలాడే కమోడ్లు వస్తున్నాయి. నాకు నచ్చాయి, కింద నేలంతా తుడుచుకోవచ్చు. నల్లని మెరుపు టైల్స్ మాత్రం మన బోరు నీళ్లకు పనికిరావు. నెల తిరక్కుండానే ఉప్పు చారలు తేలతాయి.

ఫ్లాట్ కొనేవాళ్లు షవర్ బ్రాండ్ తర్వాత అడగవచ్చు. ముందు బాత్‌రూమ్ గడప దగ్గర ఒక బకెట్ నీళ్లు కుమ్మరించమనండి. కమోడ్ వెనకో తలుపు మూలో మడుగు కట్టిందంటే, ఆ టైల్స్ పీకించి మళ్లీ వేయించుకోండి, అదీ రిజిస్ట్రేషన్ కాకముందే.