తెర ఆర్పింది ఎవరు?

లినక్స్ డెస్క్‌టాప్‌లో పని మధ్యలో మానిటర్ నల్లబడితే, అది ఒకే చోటి నుంచి జరిగిందని అనుకోవడానికి లేదు. తెరను ఆర్పే అధికారం కనీసం నాలుగు చోట్ల ఉంటుంది: మానిటర్ లోపలి సర్క్యూటు, కెర్నల్, తెర మీద బొమ్మ వేసే డిస్‌ప్లే సర్వర్, ఆ పైన నడిచే డెస్క్‌టాప్. ఒక చోట టైమర్ తీసేసినా మరో చోట అది నడుస్తూనే ఉండవచ్చు. సెట్టింగ్ మార్చిన తర్వాత కూడా తెర ఆరిపోతోందంటే చాలాసార్లు కారణం ఇదే.

హైదరాబాద్ అమీర్‌పేటలో ఈ చిక్కు ఎదురయ్యే చోటు క్లాస్‌రూమే. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ మొదలుకొని పంజాగుట్ట వైపు విస్తరించిన కోచింగ్ సెంటర్లలో లినక్స్ అడ్మినిస్ట్రేషన్ ఎప్పటి నుంచో ఉన్న కోర్సు. ఫ్యాకల్టీ టెర్మినల్‌లో ఒక కమాండ్ కొట్టి, వచ్చిన అవుట్‌పుట్‌ను ప్రొజెక్టర్ మీద అలాగే ఉంచి, బోర్డు దగ్గరికి వెళ్లి ఫైల్ పర్మిషన్ల లెక్క చెబుతుంటారు. గదిలో అందరూ ఆ తెర చూసే నోట్స్ రాసుకుంటుంటారు. కీబోర్డు, మౌస్ కదలడం లేదు కాబట్టి కంప్యూటర్ లెక్కలో మాత్రం ఎదురుగా ఎవరూ లేరు. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో సాధారణంగా ఉండే గడువు ఐదు నిమిషాలు. అది పూర్తి కాగానే తెర పోతుంది. వీఎల్‌సీలో సినిమా నడుస్తున్నా, ఇంప్రెస్‌లో స్లైడ్లు వేస్తున్నా ఇలా జరగదు. ఆ ప్రోగ్రాములు తెర ఆర్పవద్దని డెస్క్‌టాప్‌కు తామే కబురు పెడతాయి. టెర్మినల్ అలాంటి కబురు పెట్టదు. అందుకే సినిమా చూసేవారి కంటే పాఠం చెప్పేవారికే ఈ ఇబ్బంది ఎక్కువ.

తెర ఆర్పే ఏర్పాటు ఊరికే రాలేదు. పాత గాజు మానిటర్లలో ఒకే బొమ్మ గంటల తరబడి ఉంటే లోపలి ఫాస్ఫర్ పూత మీద మరక పడేది. కరెంటు ఖర్చూ తక్కువేం కాదు. అమెరికా పర్యావరణ సంస్థ 1992లో ఎనర్జీ స్టార్ మొదలుపెట్టినప్పుడు తొలి గుర్తులు కంప్యూటర్లకు, మానిటర్లకే దక్కాయి. మరుసటి ఏడాది వెసా సంస్థ డీపీఎంఎస్ అనే ప్రమాణం తెచ్చింది. కంప్యూటర్ నుంచి మానిటర్‌కు వెళ్లే రెండు సింక్ సంకేతాల్లో ఒకటి ఆగితే స్టాండ్‌బై, రెండోది ఆగితే సస్పెండ్, రెండూ ఆగితే ఆఫ్. లినక్స్‌లో ఎక్స్‌సెట్ క్యూ అనే కమాండ్‌తో అడిగితే వచ్చే జవాబులో డీపీఎంఎస్ పక్కన ఎనర్జీ స్టార్ అన్న పేరు చాలా కాలం కనిపించేది.

తెర ఆరినప్పుడు చాలామంది వెంటనే మౌస్ కదుపుతారు. దాంతో సాక్ష్యం పోతుంది. చేయి పెట్టక ముందు మానిటర్ అంచున ఉన్న చిన్న లైటు చూడాలి. లైటు పూర్తిగా ఆరిపోయి ఉంటే లినక్స్‌కు సంబంధం లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ప్లగ్గు వదులై ఉంటుంది, లేదా సీపీయూను మాత్రమే యూపీఎస్‌కు కలిపి మానిటర్‌ను గోడ ప్లగ్గుకు వదిలేసి ఉంటారు. లైటు నారింజ రంగుకు మారినా, ఆగి ఆగి వెలుగుతున్నా మానిటర్‌కు కరెంటు ఉంది, సిగ్నల్ లేదు. లైటు మామూలుగానే ఉండి తెర మాత్రమే నల్లగా ఉంటే సిగ్నల్ వస్తోంది, అందులో నలుపు వస్తోంది. అది స్క్రీన్‌సేవర్ పని. సీపీయూ ఫ్యాన్ చప్పుడు కూడా ఆగిందా? అప్పుడు ఆరింది తెర కాదు, కంప్యూటర్ మొత్తం నిద్రలోకి వెళ్లింది. 2018లో వచ్చిన ఫెడోరా 28 నుంచి, కరెంటు మీద నడుస్తున్న మెషీన్ అయినా 20 నిమిషాలు ఊరికే ఉంటే ఇలా నిద్రపోవడం మొదలైంది. దానికి స్క్రీన్ బ్లాంక్ సెట్టింగ్ ఎంత మార్చినా లాభం లేదు. ఆటోమేటిక్ సస్పెండ్ తీసేయాలి.

సిగ్నల్ ఆగిందని తేలాక, ఆపింది ఎవరో కంప్యూటర్‌నే అడగవచ్చు. ల్యాబ్‌లో పక్క సిస్టమ్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఆ మెషీన్‌లోకి వెళ్లాలి. సిస్ డైరెక్టరీలో క్లాస్, దాని కింద డీఆర్ఎం అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ వంటి ఒక్కో పోర్టుకూ ఒక్కో ఫోల్డర్. ఆ లోపలి డీపీఎంఎస్ ఫైలు ఆఫ్ అని చెబితే సాఫ్ట్‌వేరే ఆపింది. ఆన్ అని చెబుతూ స్టేటస్ ఫైలు మాత్రం డిస్‌కనెక్టెడ్ అంటే కేబులో, మానిటర్ సర్క్యూటో చూసుకోవాలి. లోపం కేబుల్‌దైతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ కొనుక్కోవడమే పరిష్కారం. మానిటర్ మెనూలో ఆటో స్టాండ్‌బై, ఎకో మోడ్ ఉంటే అవీ తీసేయాలి.

ఇక సాఫ్ట్‌వేర్ వైపు. పాత డిస్‌ప్లే సర్వర్ అయిన ఎక్స్ సర్వర్‌లో రెండు టైమర్లు వేర్వేరుగా నడుస్తాయి: స్క్రీన్‌సేవర్‌ది ఒకటి, డీపీఎంఎస్‌ది మరొకటి. ఎక్స్‌సెట్ ఎస్ ఆఫ్ అంటే మొదటిది మాత్రమే ఆగుతుంది. రెండోదానికి ఎక్స్‌సెట్ తర్వాత హైఫన్, దాన్ని ఆనుకుని డీపీఎంఎస్ అని కొట్టాలి. సగం పరిష్కారం దగ్గరే ఆగిపోవడం ఇక్కడ మామూలు. పైగా ఈ రెండు ఆదేశాలూ లాగౌట్ అయ్యేదాకానే ఉంటాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో అయితే అంతవరకూ ఉంటాయన్న హామీ కూడా లేదు. అక్కడి పవర్ మేనేజర్ తన అంకెలను మళ్లీ రాస్తుంది కాబట్టి, డిస్‌ప్లే ట్యాబ్‌లోకి వెళ్లి అక్కడే మార్చాలి. కేడీఈ డెస్క్‌టాప్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని పవర్ మేనేజ్‌మెంట్ చూడాలి.

ఎక్స్ సర్వర్ స్థానంలో వేలాండ్ వచ్చాక ఎక్స్‌సెట్ కాలం చెల్లింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో 2019 నాటి 8వ వెర్షన్ నుంచే వేలాండ్ డిఫాల్ట్. 2025లో వచ్చిన 10వ వెర్షన్‌లో ఎక్స్ సర్వర్‌నే తీసేశారు. అక్కడ ఎక్స్‌సెట్ కమాండ్ కొడితే ఒక్కోసారి ఎర్రర్ కూడా రాదు, పనీ జరగదు. పాత నోట్స్ పట్టుకుని పాఠం చెబితే విద్యార్థికి నష్టం. గ్నోమ్ వేలాండ్‌లో మార్చాల్సింది సెట్టింగ్స్‌లో పవర్ కింద ఉండే స్క్రీన్ బ్లాంక్. నెవర్ అని పెడితే చాలు. అయితే స్క్రీన్ లాక్ చేశాక మాత్రం తెర కొద్ది క్షణాల్లోనే ఆరుతుంది. అది లోపం కాదు.

గ్రాఫిక్స్ లేని టెక్స్ట్ కన్సోల్‌కు మరో టైమర్ ఉండేది. కెర్నల్‌లో పది నిమిషాలుగా ఉన్న కన్సోల్ బ్లాంక్ గడువును 2017లో 4.12 వెర్షన్ నుంచి సున్నా చేశారు. పాత సర్వర్లలో ఆ సున్నాను బూట్ లైనులో చేత్తో రాయాలి.

ఒక్క క్లాసు కోసం సెట్టింగులన్నీ మార్చనక్కర్లేదు. గ్నోమ్-సెషన్-ఇన్‌హిబిట్ అనే కమాండ్‌కు ఐడిల్‌ను ఆపమని చెప్పి, దాని కింద ఒక ప్రోగ్రామ్ నడిపితే, ఆ ప్రోగ్రామ్ ఉన్నంతసేపు తెర వెలుగుతుంది. ప్రోగ్రామ్ మూసేయగానే పాత గడువు తిరిగి వస్తుంది. ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకుని వెనక్కి మార్చాల్సిన పని లేదు కాబట్టి, ఉన్న పద్ధతుల్లో ఇదే మేలైనది.

కొన్ని చోట్ల ల్యాబ్‌లోని సిస్టమ్‌లన్నిటికీ ఒకేసారి నెవర్ పెట్టేస్తుంటారు. అది సరైన పద్ధతి కాదు. ఇప్పటి ఎల్‌సీడీ మానిటర్ వెలుగుతుంటే సుమారు 20 వాట్లు తింటుంది. స్టాండ్‌బైలో ఒక వాటు కూడా తీసుకోదు. బ్యాచ్ వెళ్లిపోయాక తెరిచి ఉన్న లాగిన్‌ను కాపాడేదీ ఆ గడువు తర్వాత పడే లాకే. ఫ్యాకల్టీ సిస్టమ్‌కు మాత్రం తెర ఆరకుండా మినహాయింపు ఇవ్వండి, విద్యార్థుల సిస్టమ్‌లను ఐదు నిమిషాలకే వదిలేయండి.