పతంజలి నవ్వడు

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి పతంజలి ‘పిలక తిరుగుడు పువ్వు’ తెరిచాను. విక్టోరియా మెమోరియల్ దాటేసరికి, నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాల్సొచ్చింది. పక్క సీట్లో, గ్రూప్స్ గైడు ఒళ్లో పెట్టుకున్న కుర్రాడు తలెత్తాడు.

‘‘ఏమైంది సార్?’’

‘‘భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అని ఊరంతా కొట్టుకుని కోర్టుకెళ్లారు బాబూ.’’

కాసేపు ఆలోచించి, ‘‘ఆప్షన్లు ఏమిచ్చిండ్రు సార్?’’ అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ పిల్లాడు, తప్పుపట్టలేం. ఆ మాట పతంజలి చెవిన పడితే వాణ్ణి తీసుకెళ్లి అలమండ రచ్చబండ మీద కూర్చోబెట్టేవాడు.

అలమండ విజయనగరం జిల్లాలో నిజంగా ఉన్న ఊరే. కాకర్లపూడి నరసింహ యోగ పతంజలి 1952లో పుట్టింది అక్కడే. పత్రికల్లో పనిచేసి, సంపాదకుడై, 2009లో పోయాడు. అన్నం పెట్టిన వృత్తినీ వదల్లేదు. ‘పెంపుడు జంతువులు’ నవల పత్రికల మీదే. ‘ఖాకీవనం’ పోలీసుల మీద. ఆ రెండింట్లోనూ కోపం పైకే కనిపిస్తుంది. అలమండ కథలకొచ్చేసరికి అది నవ్వు లోపలికెళ్లి దాక్కుంది. నా లెక్కలో అసలు పతంజలి అక్కడున్నాడు.

ఆయన కిటుకల్లా ఒకటే, తను నవ్వడు. ఆ కథల్లో వీరబొబ్బిలి ఒక కుక్క. 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని పేరులో మోస్తున్న కుక్కకి ఆ మాత్రం వంశగౌరవం ఉండదూ? దివాణం వెలిసిపోయినా రాజుగోరి మాటలో దర్పం వీసమెత్తు తగ్గదు. ఇలాంటి చోట మామూలు రచయితైతే, చూశారా ఈ వెర్రివాళ్లని, అని మనకి కన్నుగీటుతాడు. పతంజలి గీటడు. వెర్రివాదనకీ ప్లీడరుని పెట్టినంత పకడ్బందీ తర్కం సమకూరుస్తాడు. ప్రతి మెట్టూ సబబుగానే ఉంటుంది. ఎక్కాక చూస్తే మేడ ఉండదు.

ఇది ఆయనతో మొదలైన విద్య కాదు. గురజాడ గిరీశం నోటితో ఇలాంటి మెట్లే కట్టించాడు. రావిశాస్త్రి స్వయంగా ప్లీడరు, కోర్టు లోపలి దొంగతనమంతా ఎరిగినవాడు. కానీ రావిశాస్త్రి కోర్టులో బోనెక్కేది బీదవాడు, చదువుతుంటే మన కడుపు తరుక్కుపోతుంది. ‘గోపాత్రుడు’లో రేగిన తగువు ‘పిలక తిరుగుడు పువ్వు’లో కోర్టుకి చేరేసరికి బోనెక్కింది భూగోళమే. పగలబడి నవ్వుతూనే ఉంటాం. ఉన్నట్టుండి, నిజం ఏదో తేల్చే పని ఎవరి చేతికి పోయిందో తట్టి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. నవ్విందీ మనమే, అడ్డం పడిందీ మనకే; ఆయన మాత్రం మొదట్నుంచీ ముఖం మార్చలేదు.

యాస సంగతీ చెప్పాలి. మన సినిమాలు ఉత్తరాంధ్ర మాటని చాలాకాలం నౌకరు పాత్ర నోట్లో కుక్కి నవ్వించాయి. పతంజలి అదే మాటతో ఖగోళశాస్త్రం చర్చింపజేశాడు.

రైలు చైతన్యపురి దాటింది. కుర్రాడు బ్యాగు భుజానికి తగిలించుకుని లేచాడు.

‘‘మరి జడ్జి ఏం చెప్పిండు సార్?’’

‘‘చెప్పేస్తే నువ్వు చదవవు.’’

‘‘అది కాదు సార్,’’ తలుపు దగ్గర నిలబడి అడిగాడు, ‘‘ఆయన ఇచ్చింది ప్రిలిమినరీ కీనా, ఫైనల్ కీనా?’’