క్రౌన్ పినియన్‌లో ఔచిత్యం

మొదటి తరం హయబుసా బైకు ఇంజన్‌ను సుజుకి చైన్‌తో నడవడానికి చేసింది. ముందు స్ప్రాకెట్‌కి 17 పళ్ళు, వెనకదానికి 40, అంటే నిష్పత్తి 2.35. బ్రిటన్‌లో లోటస్ సెవెన్ తరహా కిట్ కార్లు సొంత షెడ్లలో కట్టుకునేవాళ్ళు ఆ ఇంజన్‌ను పక్కకు తిప్పి కారు పొడవునా కూర్చోబెడతారు. స్ప్రాకెట్ ఉండాల్సిన చోట ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగిస్తారు. షాఫ్ట్ వెనక చివర ఎక్కువగా కనిపించేది పాత ఫోర్డ్ సియెర్రా డిఫరెన్షియల్. గేర్‌బాక్స్ ఇంజన్ పొట్టలోనే ఉంటుంది కనుక దాని జోలికి పోవడం తేలిక కాదు. చేతిలో మిగిలేది డిఫరెన్షియల్ లోపలి క్రౌన్, పినియన్ ఎంపిక. ఆ కారు రసమంతా అక్కడే తేలుతుంది.

సియెర్రాలో దొరికే నిష్పత్తులు 3.14, 3.38, 3.62, 3.92. వీటిలో నా మమకారం 3.62 మీద.

185/60 ఆర్13 టైరు ఒక్క చుట్టుకు దాదాపు 1.73 మీటర్లు దొర్లుతుంది. ఇంజన్ నిమిషానికి 10,500 చుట్లు అందుకున్నప్పుడల్లా గేరు మారిస్తే, 3.62తో మొదటి తరం హయబుసా ఆరు గేర్లూ గంటకు 72, 98, 124, 147, 166, 181 కిలోమీటర్ల దగ్గర ముగుస్తాయి. ఆ అంకెల మధ్య దూరాలు చూడండి: 26, 26, 23, 19, 15. వేగం పెరిగేకొద్దీ అడుగులు దగ్గరపడుతున్నాయి. అయిదు నుంచి ఆరుకి మారితే ముల్లు 9,640కి మాత్రమే దిగుతుంది. గొంతు తెగదు, ఊపిరి మారుతుందంతే. కచేరీలో తనియావర్తనం చివరికొచ్చినప్పుడు మృదంగం జతులు కుదించుకుంటూ పోయే తీరు ఇదే! డిఫరెన్షియల్ ఈ నడకను పుట్టించదు. ఏ వేగంలో ఏ అడుగు పడాలో నిర్ణయిస్తుంది.

3.14 వేస్తే ఇదే నడక సాగిపోతుంది. మొదటి గేరే 83 దాకా లాగుతుంది, ఆరోది 209 దగ్గర ఆగుతుంది. సిల్వర్‌స్టోన్ రేస్ ట్రాక్‌లో హ్యాంగర్ స్ట్రెయిట్ మీద అది అందమే. కానీ 215 కిలోల బైకు కోసం చేసిన క్లచ్ అంతకు రెట్టింపు బరువున్న కారును కదిలించాలి. అంత పొడవైన మొదటి గేరుతో ఎత్తు మీద బయల్దేరిన ప్రతిసారీ ప్లేట్లు జారి వేడెక్కుతాయి. ఇంజన్ శక్తికి, మోసే బరువుకి పొత్తు కుదరని చోట నాకు అందం కనపడదు. సంస్కృత ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఇనుముకూ వర్తిస్తుంది.

పాత డిఫరెన్షియల్ కొనేవాడు లోపలి నిష్పత్తిని చేత్తోనే చదువుతాడు. బల్ల మీద పెట్టి, ఒక పక్క అవుట్‌పుట్‌ను కదలకుండా పట్టుకుంటాడు. రెండో పక్క సుద్దగీత రెండు చుట్లు పూర్తయ్యేదాకా ముందు ఫ్లాంజ్‌ను తిప్పుతాడు. ఫ్లాంజ్ మూడు చుట్లు దాటి, నాలుగోదాంట్లో సగం పైన కాస్త దూరం వెళ్ళి ఆగితే 3.62. ఆ ‘కాస్త’ దగ్గర వేళ్ళకు తెలిసే చిక్కటి గేర్ ఆయిల్ బరువు నాకెంతో ఇష్టం.

కొండ ఎక్కే పందెం జరిగే షెల్స్‌లీ వాల్ష్‌లో మాత్రం నా ఓటు 3.92కే. అక్కడ దారి మొత్తం 914 మీటర్లు. నిలబడ్డ చోటు నుంచి ఎగువకే పరుగు. మొదటి గేరు 67 దగ్గరే ముగిసినా చింత లేదు, క్లచ్ తొందరగా పట్టేస్తుంది.