తప్పు చివర నుంచి విన్న ఆల్బమ్

"దాన్ని తప్పు చివర నుంచి వింటున్నావురా," అన్నాడు బావ.

పోయిన సంక్రాంతికి శావల్యాపురంలో మేడ మీద కూర్చుని, బ్లూటూత్ స్పీకర్లో నైట్‌విష్ వాళ్ళ 'డెకేడ్స్' పెట్టాను. 2018లో వచ్చిన సంకలనం. మొదటి పాటే 24 నిమిషాలు. అందులో సగం కూడా కాకముందే బావ నా ఫోన్ లాక్కుని, కిందికి జరుపుకుంటూ పోయి చిట్టచివరి పాట నొక్కాడు. "ఇక్కణ్ణుంచి పైకి రావాల. బ్యాండు అట్టా పెరిగింది గదా."

బావంటే మా మేనత్త కొడుకు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. గుంటూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఓ పెన్‌డ్రైవ్ నిండా ఈ పాటలు తెచ్చి నాకిచ్చింది ఆయనే. అప్పుడు నాకు ఎక్కలేదు. నేను హైదరాబాద్ హాస్టల్లో పడ్డాక, ఇదే బ్యాండ్ మరో గాయనితో పాడిన వీడియో ఒకటి చూసి పడిపోయాను. అందుకే ఇద్దరం ఒకే బ్యాండ్ అభిమానులమని ఊళ్ళో అనుకుంటారు గానీ, మేం వినే బ్యాండ్లు రెండు.

సింఫొనిక్ మెటల్ పరిచయం లేనివాళ్ళకి రెండు ముక్కలు. గరగరలాడే గిటార్లు, కాళ్ళతో తొక్కే జోడు డ్రమ్ములు, వాటి మీద ఆర్కెస్ట్రా, కోరస్, అన్నిటి పైన ఒక ఆడగొంతు. అన్నీ ఒకేసారి, అన్నీ పెద్దగానే. వినుకొండ చుట్టుపక్కల పద్యనాటకాలు చూసి పెరిగినవాడికి ఇది అంత వింతేం కాదు. హరిశ్చంద్రుడు పద్యం చివర రాగం తీస్తుంటే హార్మోనియం వెంటపడి పరిగెత్తడం, జనం వన్స్‌మోర్ అనడం గుర్తుంటే చాలు, ఈ సంగీతంలో సగం అర్థమైనట్టే. అతి అనిపించేదే ఇక్కడ అసలు సరుకు.

నైట్‌విష్ పుట్టింది ఫిన్లాండ్ తూర్పు అంచున కితే అనే చిన్న ఊళ్ళో, 1996లో. పాటలు కట్టేది కీబోర్డ్ వాయించే తువోమస్ హోలోపైనెన్. గాయనులు మాత్రం ముగ్గురు మారారు: తార్యా తురునెన్, అనెట్ ఓల్జన్, ఇప్పుడు ఫ్లోర్ యాన్సెన్. 'డెకేడ్స్' రెండు సీడీల్లో 22 పాటలున్నాయి. అవి కొత్తవాటితో మొదలై ఆల్బమ్ వెంట ఆల్బమ్‌గా వెనక్కి నడుస్తాయి. 2015లో మొదలుపెట్టి 1996 డెమో దగ్గర ఆగుతాయి.

విన్నవాళ్ళ అభిప్రాయాలు ఎటు తిరిగినా "ఆ పాటేదీ?" దగ్గరికే వస్తాయి. 'విష్‌మాస్టర్' లేదు. 'స్టార్‌గేజర్స్' లేదు. గ్యారీ మూర్ పాటని వీళ్ళు తమదిగా చేసుకున్న 'ఓవర్ ద హిల్స్ అండ్ ఫార్ అవే' లేదు. మొదట్లో నాకీ గొణుగుడు విసుగ్గా ఉండేది. పెళ్ళి భోజనంలో పదహారు రకాలు వడ్డించాక గోంగూర లేదని అలిగే పెదనాన్నలు గుర్తొచ్చేవాళ్ళు. అన్ని పాటలూ ఫోన్లో ఉన్నాయి కదా, కావలసినవి వరుసగా పెట్టుకుంటే పోలా? ఎవరి ప్లేలిస్ట్ వాళ్ళే చేసుకునే కాలంలో అసలు సంకలనం ఎందుకు అనే ఇంకో వర్గం కూడా ఉంది. వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు.

కానీ బావతో వాదించాక ఆ ఫిర్యాదుని వేరేగా వినడం మొదలుపెట్టాను. ఏ పాట లేదని అలుగుతున్నారో చూస్తే, ఆ మనిషి ఈ బ్యాండ్‌లోకి ఏ ఏట అడుగుపెట్టాడో ఇంచుమించుగా చెప్పేయొచ్చు. 'విష్‌మాస్టర్' లేదంటే 2000 నాటి మనిషి. బావ అక్కడే ఉంటాడు.

బావ కోపం పాట గురించి మాత్రమే కాదు. 2005 అక్టోబర్ 21న హెల్సింకిలో పెద్ద కచేరీ అయింది. అది ముగిశాక మిగతా సభ్యులు తార్యా చేతిలో ఒక ఉత్తరం పెట్టారు, ఇక నువ్వు మాతో లేవని. ఆ ఉత్తరాన్ని లోకమంతా చదివేలా బయటపెట్టారు కూడా. అంతకుముందు నెలలోనే వాళ్ళ మొదటి పెద్ద సంకలనం 'హైయెస్ట్ హోప్స్' వచ్చింది. ఏరి కూర్చిన పాటలు కొన్న అభిమాని, చేతిలో ఉన్నది ఒక శకానికి ముగింపు అని నెల తిరక్కుండా తెలుసుకున్నాడు.

"వద్దని పంపించారు. మళ్ళీ ఆమె పాటలతోనే సంకలనం నింపుకున్నారు," అంటాడు బావ. లెక్కపెట్టాను. 22లో 15 తార్యా కాలానివి. అనెట్‌వి నాలుగు. బ్యాండ్‌లో ఇప్పుడున్న ఫ్లోర్‌వి మూడు. ఫ్లోర్ ఆ ఏడాదే ఈ సంకలనం పేరుతో ప్రపంచయాత్ర చేసి, ముగ్గురి పాటలూ తనే పాడింది. ఆల్బమ్‌లో మాత్రం ఎవరి గొంతు వాళ్ళదే. ఇది నిజాయితీ అని నేను. లేదు, సొమ్ము చేసుకోవడం అని బావ.

లేని పాటల్లో నాకు లోటుగా తోచింది 'విష్‌మాస్టర్' కాదు, 'బై బై బ్యూటిఫుల్'. ఆ విడిపోవడం గురించి 2007లో బ్యాండ్ కట్టిన పాట అది. ఆ ఆల్బమ్ నుంచి 'అమరాంత్', 'ద పోయెట్ అండ్ ద పెండ్యులమ్' తీసుకుని దీన్ని వదిలేశారు. దాంతో ఒక గాయని నుంచి ఇంకో గాయనికి మారే చోట అతుకు కనపడదు. ఏ గొడవా జరగనట్టు వింటూ పోవచ్చు. వెనక్కి నడిచే చరిత్ర అని గొప్పగా చెప్పుకున్నప్పుడు ఆ గాయం మీద కూడా ఒకసారి కాలు పడాల్సింది. ఈ ఆల్బమ్ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే.

ఏది ఉంచాలి, ఎవరి పేరుతో ఉంచాలి అన్నది మాకు కొత్త పంచాయితీ కాదు. గుర్రం జాషువా పుట్టింది మా పక్కనే వినుకొండలో. ఆయన శ్మశానం మీద రాసిన పద్యాల్ని నటులు బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్ర'లో కాటిసీనులోకి తెచ్చుకున్నారు. జనం విడిచిపెట్టలేదు. ఇప్పుడు ఆ పద్యాలు లేకపోతే నాటకం చూసినట్టే ఉండదు. ఒక విధంగా అది వినేవాళ్ళు చేసిన సంకలనం. మా తాతకి అవన్నీ నోటికొచ్చు. కానీ జాషువావని తెలియదు, హరిశ్చంద్రుడి పద్యాలే అనేవాడు. అంటరానితనం మీద జీవితాంతం రాసిన కవి పద్యాలు ఊరంతా పాడుకుంటున్నా, కవి మాత్రం ఊరికి గుర్తు లేడు. ఇది చెబితే బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తార్యా పేరన్నా ఉంది లేరా అట్ట మీద," అన్నాడు.

ఇక నా సంగతి. హాస్టల్లో నేను చూసిన వీడియో 2013లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో ఫ్లోర్ పాడిన 'ఘోస్ట్ లవ్ స్కోర్'. పది నిమిషాల పాట. చివర్లో ఆమె అసలు బాణీని వదిలి పైకి, ఇంకా పైకి వెళ్ళి నిలబడుతుంది. నాటకంలో అయితే అక్కడ వన్స్‌మోర్ పడాలి. నాకు ఆ పాటంటే ఆ చివరే. 'డెకేడ్స్'లో ఉన్నది తార్యా పాడిన 2004 రికార్డింగ్. వింటూ ఆ మెట్టు కోసం ఎదురుచూశాను. రాలేదు. తార్యా కోరస్‌లో ఒకతిగా, తొణక్కుండా పాట ముగిస్తుంది. మొదటిసారి మోసపోయినట్టనిపించింది. నాలుగోసారో ఐదోసారో వింటుంటే, ఆ పాటలో ఆర్కెస్ట్రా చేసే పని తెలిసింది. లండన్‌లో రికార్డు చేసిన ఆ తీగవాద్యాలు ఆమె గొంతుని మోస్తున్నాయి. ఫ్లోర్ పాడినప్పుడు ఆమె గొంతే అన్నిటినీ మోసింది. ఏది గొప్పదని బావ అడిగితే ఇప్పటికీ ఫ్లోర్ అనే అంటాను. అయితే ఒప్పుకోవాలి: ఈ సంకలనం లేకపోతే నేను తార్యా పాడింది ఒక్కసారైనా చివరిదాకా వినేవాణ్ణి కాదు.

వెనక్కి నడిచే ఆ వరుసలో ఇంకో విశేషం ఉంది. వింటున్నకొద్దీ బ్యాండ్ చిన్నదవుతుంది. మొదటి పాటలో రిచర్డ్ డాకిన్స్ వచ్చి జీవపరిణామం గురించి చెబుతాడు, వెనక పెద్ద ఆర్కెస్ట్రా. వెనక్కి వెళ్ళేకొద్దీ అది పలచబడి, కీబోర్డే ఆర్కెస్ట్రా వేషం కట్టే రోజులు వస్తాయి. 'ద కార్పెంటర్' వచ్చేసరికి హోలోపైనెన్ స్వయంగా పాడతాడు. బాగా పాడడు. ఆ బిడియం నాకు నచ్చింది. పూర్వపు పాటలు ఇప్పటివాటి ముందు తేలిపోతున్నాయని విసుక్కునేవాళ్ళున్నారు. అవి తేలిపోవాలనే ఈ వరుస పెట్టారని నా అనుమానం. బావ చెప్పినట్టు పైకి ఎక్కుతూ వింటే ఇది విజయగాథ. అలాంటివి చాలా ఉన్నాయి.

అందుకే ఆ రాత్రి ఫోన్ తిరిగి తీసుకుని 24 నిమిషాల పాట మళ్ళీ మొదట్నుంచి పెట్టాను. బావ గొణిగాడు గానీ లేచిపోలేదు. మధ్యలో 'అమరాంత్' దగ్గర కిందికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చుకున్నాడు. 'నెమో' నుంచి తలాడించడం మొదలుపెట్టాడు. స్టేషన్ వైపు గూడ్సు బండి వెళ్తుంటే రెండు పాటలు సరిగ్గా వినపడలేదు, వాటిని మళ్ళీ పెట్టమన్నాడు. చివరి డెమో వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అందులో డ్రమ్ములు లేవు, గరగర గిటారు లేదు. ఒక మామూలు గిటారు, కీబోర్డు, పంతొమ్మిదేళ్ళ తార్యా. రెండున్నర గంటల హోరు తర్వాత వినబట్టి ఆ గొంతు ఎంత ఒంటరిగా ఉందో తెలిసింది. సాయంత్రం బావ అదే పాటని మొదటగా నొక్కినప్పుడు అది నాకు ఉత్త డెమోగానే వినిపించింది.