సంగీతం ఆగాక మొదలయ్యే వేట

నల్ల డాడ్జ్ చార్జర్‌లో స్టీరింగ్ ముందు కూచున్న కళ్లజోడు మనిషి సీటు బెల్టు లాగి బిగించుకుంటాడు. ఆ చిన్న పనిని దర్శకుడు పీటర్ యేట్స్ దగ్గరగా చూపిస్తాడు. 1968లో అమెరికాలో కారెక్కి బెల్టు పెట్టుకునేవాళ్లు తక్కువ. వీడు పెట్టుకున్నాడంటే ఏదో తలపెట్టాడని చూసేవాడికి వెంటనే అర్థమైపోతుంది. ఆపైన టైర్లు కీచుమంటాయి, కారు పక్కవీధిలోకి దూసుకుపోతుంది. అంతవరకూ సన్నగా బిగుసుకుంటూ వచ్చిన లాలో షిఫ్రిన్ సంగీతం టక్కున ఆగిపోతుంది. ఇక వేట ముగిసేదాకా వినిపించేవి ఇంజన్లు, టైర్లు, తుపాకీ. ఎవరి నోటా ఒక్క మాట రాదు.

'బుల్లిట్' సినిమాలోని ఈ ఘట్టం నిడివి దాదాపు పదకొండు నిమిషాలు. దీని తర్వాత ఎన్ని వందల ఛేజులు వచ్చినా, ఇంతకంటే ఎన్నో రెట్ల ఖర్చుతో తీసినా, దీని పట్టు సడలలేదు. కారు ఎంత వేగంగా పోతుందో చూపించడం ఎవరికైనా చేతనవుతుంది. కారు ఎంత బరువుందో చూపించడం కష్టం. యేట్స్ బృందం సాధించింది ఆ రెండోది.

ముందు ఆ కార్ల సంగతి. మజిల్ కార్ అంటే సూత్రం చాలా మొరటు: ఓ మోస్తరు సైజు కారులో పెద్ద ఇంజన్ పెట్టి, కుర్రకారు కొనగలిగే ధరకు అమ్మడం. 1964లో వచ్చిన పోంటియాక్ జీటీవోతో ఈ ఒరవడి ఊపందుకుంది. సినిమాలో హీరో స్టీవ్ మెక్‌క్వీన్ నడిపే ముదురాకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్‌ది 6.4 లీటర్ల ఇంజన్. మొదట చూసిన నల్ల చార్జర్ హంతకులది, దాని ఇంజన్ 7.2 లీటర్లు. నిజానికి చార్జర్‌దే పైచేయి. మస్టాంగ్ వెనకబడకుండా దాన్ని కాస్త అదుపులో పెట్టి నడపాల్సి వచ్చిందంటారు. ఈ కార్లు తిన్నటి రోడ్డు మీద పరుగుకోసం పుట్టినవి. ముందు భాగమంతా ఇంజన్ బరువే. మలుపు వచ్చిందంటే ఒళ్లంతా ఓ పక్కకు ఒరుగుతుంది, బ్రేకు తొక్కితే ముక్కు నేలకు వంగుతుంది.

అలాంటి వాటిని తీసుకొచ్చి శాన్ ఫ్రాన్సిస్కో గుట్టల మీద వదిలారు. మెట్లు దిగినట్టు అంచెలంచెలుగా దిగే ఆ వీధుల్లో ప్రతి కూడలి దగ్గరా రోడ్డు ఒక్కసారి చదునై, మళ్లీ కిందికి జారుతుంది. కెమెరా కారు లోపలే ఉంటుంది. ముందు బానెట్ పైకి లేస్తుంది, అద్దం నిండా ఆకాశం. మరుక్షణం కడుపులో తిప్పినట్టయి వీధి కిందికి పడిపోతుంది, దూరంగా సముద్రపు పాయ కనిపిస్తుంది. బయటి నుంచి చూపించే షాట్‌లో నాలుగు చక్రాలూ గాల్లో ఉంటాయి. దిగగానే షాక్ అబ్జార్బర్లు అడుగంటా కుంగి, కారు పొట్ట రోడ్డుకు రాసుకుంటుంది. ఆ తాకిడికి తట్టుకోవడానికి మాక్స్ బాల్చోస్కీ అనే రేసు కార్ల నిపుణుడు కార్లను ముందే గట్టిపరిచాడు. అయినా ఆ దెబ్బ మన వెన్నుపూసకు తెలుస్తుంది.

కెమెరాను నెమ్మదిగా తిప్పి తీసి, తెరమీద వేగం పెంచడం అప్పట్లో మామూలు. యేట్స్ అందుకు ఒప్పుకోలేదు. కార్లు నిజంగానే ఆ వేగంతో పోవాలన్నాడు. నగరం దాటాక కొండదారిలో వేగం గంటకు 110 మైళ్లకు, అంటే దాదాపు 177 కిలోమీటర్లకు చేరింది. ఛాయాగ్రాహకుడు విలియం ఫ్రేకర్ కెమెరాల్లో కొన్నిటిని కార్లకే బిగించాడు. అందుకే ఆ అదురు కృత్రిమంగా అనిపించదు.

నడిపినవాళ్ల పనితనం గురించి ఎంత చెప్పినా తక్కువే. చార్జర్‌లో ఉన్న ఆ కళ్లజోడు మనిషి బిల్ హిక్‌మన్. నటుడూ అతనే, డ్రైవరూ అతనే. 1971లో 'ఫ్రెంచ్ కనెక్షన్' సినిమాలోనూ కారు నడిపింది ఇతనే. మస్టాంగ్‌ను కొంత మెక్‌క్వీన్ నడిపాడు. ప్రాణాపాయమున్న చోట్ల డూపుగా బడ్ ఎకిన్స్ నడిపాడు. 'గ్రేట్ ఎస్కేప్' సినిమాలో మోటారుసైకిల్‌తో ముళ్లకంచె దూకింది ఆ ఎకిన్సే. లోపలి వెనక అద్దంలో మెక్‌క్వీన్ ముఖం కనిపిస్తే నడుపుతున్నది ఆయనేనని అభిమానులు పట్టేస్తారు. ఒకచోట ఆయన మలుపు తిప్పలేక దాటిపోయాడు. టైర్లు పొగలు కక్కుతుంటే కారు వెనక్కి తీసి మళ్లీ వెంటపడ్డాడు. ఆ తప్పును కత్తిరించకుండా ఉంచేశారు. నా లెక్కలో సినిమా మొత్తానికి అత్యంత నిజమైన క్షణం అదే.

ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కు ఈ సినిమాకుగాను ఆస్కార్ వచ్చింది. లోపాలు లేకపోలేదు. ఒక ఆకుపచ్చ ఫోక్స్‌వాగన్ బీటిల్‌ను కార్లు మళ్లీ మళ్లీ దాటిపోతాయి. చార్జర్ చక్రాల కప్పులు ఉండాల్సినవాటికంటే ఎక్కువే ఎగిరిపోతాయి. ఒకే పరుగును వేర్వేరు కోణాల్లో తీసి వరసగా పేర్చినందువల్ల వచ్చిన చిక్కు అది. కానీ కెల్లర్ గొప్పతనం వేగం మొదలవకముందే ఉంది. మొదట హంతకులే హీరోను నెమ్మదిగా వెంబడిస్తుంటారు. మస్టాంగ్ ఉన్నట్టుండి మాయమవుతుంది. వాళ్లు వీధులన్నీ వెతుక్కుంటుంటారు. అంతలో చార్జర్ వెనక అద్దంలో, ఎత్తు మీంచి మస్టాంగ్ ముక్కు మెల్లగా పైకి తేలుతుంది. వేటగాడు వేటగా మారిపోయాడు. అదంతా కెల్లర్ ఒక్క అద్దంలో, ఒక్క చూపులో చెప్పేశాడు.

మన సినిమాల్లో ఛేజ్ మొదలైందంటే రీరికార్డింగ్ అందుకుంటుంది, ఇంజన్ చప్పుడు దాని కింద అణగిపోతుంది. 'బుల్లిట్' లో చెవికి అందేది గేరు మారినప్పుడల్లా పడిలేచే ఆ మోతే. డ్రైవరు ఎప్పుడు భయపడ్డాడో, ఎప్పుడు తెగించాడో ఆ మోతలోనే తెలుస్తుంది. శబ్దగ్రహణానికీ ఈ సినిమా ఆస్కార్ నామినేషన్ పొందింది.

మజిల్ కార్ల కాలం ఎక్కువ రోజులు సాగలేదు. బీమా రుసుములు పెరిగాయి, పొగ మీద నిబంధనలు వచ్చాయి, 1973 చమురు సంక్షోభం మిగతా పని పూర్తిచేసింది. మెక్‌క్వీన్ నడిపిన మస్టాంగ్‌ను 1974లో ఒక కుటుంబం 6,000 డాలర్లకు కొని మామూలు కారులాగే వాడుకుంది. 1977లో మెక్‌క్వీన్ తిరిగి ఇమ్మని ఉత్తరం రాసినా వాళ్లు అమ్మలేదు. 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో, కొత్త రంగు వేయకుండా, పాత గీతలతోనే అది 34 లక్షల డాలర్లకు పోయింది. రుసుములతో కలిపి 37 లక్షలు దాటింది.

ఈ ఛేజ్ ముక్కలు ముక్కలుగా ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, ఎక్కువగా బెల్టు బిగించిన దగ్గర్నుంచే మొదలుపెడతారు. దయచేసి అలా చూడకండి. ఆ ముందరి నెమ్మది నిమిషాలతో సహా చూడండి, శబ్దం మాత్రం తగ్గించకండి.