దావీదు కీర్తనలు: విలాపం, స్తుతి, విమోచన

ఒక గ్రంథం మరో భాషలోకి ప్రవేశించినప్పుడు ఆ భాష దానికి పెట్టుకున్న పేరే తొలి వ్యాఖ్యానమవుతుంది. బైబిలు పాత నిబంధనలోని 150 పాటల సంపుటికి హీబ్రూలో ‘తెహిల్లీమ్’ అని పేరు. స్తుతులు అని దాని అర్థం. గ్రీకు భాషలో అది తంత్రీవాద్యంతో పాడే పాట అనే అర్థంలో ‘ప్సల్మోస్’ అయింది. భారతీయ భాషలు ఈ రెండింటినీ పక్కనపెట్టి, తమ తమ సాహిత్య సంప్రదాయాల నుంచి పేర్లు తీసుకున్నాయి. తమిళంలో అది సంగీతం, హిందీలో భజన సంహిత, మరాఠీలో స్తోత్ర సంహిత, గుజరాతీలో గీతశాస్త్రం. తెలుగులో అన్నమయ్య, రామదాసు, త్యాగరాజు నడిచిన బాటలోనే అది ‘కీర్తనల గ్రంథం’ అయింది. ఇన్ని పేర్లలో ఒక్కటైనా శోకాన్ని సూచించదు. గ్రంథం తెరిచి చూస్తే, ఏ ఇతర వర్గానికీ లేనంత సంఖ్యలో అందులో ఉన్నవి విలాపగీతాలే. మూడో వంతుకు పైగా పాటలలో ఆర్తనాదమో ఆరోపణో ప్రధానంగా వినిపిస్తుంది. పేరుకూ వస్తువుకూ మధ్య ఉన్న ఈ అంతరమే కీర్తనల గ్రంథాన్ని అర్థం చేసుకోవడానికి తగిన ప్రవేశద్వారం.

ఈ పరిశీలనకు సూరత్ నగరం అనువైన చోటు. 17వ శతాబ్దంలో మొగలు సామ్రాజ్యపు ప్రధాన రేవుపట్టణమైన సూరత్‌లో ఆంగ్ల వర్తకులు, ఫ్రెంచి కాపుచిన్ సన్యాసులు, ఆర్మీనియన్ వ్యాపారులు నివసించారు. 18వ శతాబ్దం చివర అలెప్పో నుంచి వచ్చిన షాలోమ్ కోహెన్ వంటి యూదు వర్తకులు కలకత్తా చేరక ముందు ఇక్కడ కొంతకాలం గడిపారు. వీరి ఆరాధనాక్రమాలు వేరు, భాషలు వేరు. అయినా ఆ క్రమాలన్నిటిలోనూ ఈ పాటలకు స్థానం ఉంది. ఆంగ్లికన్ ప్రార్థనాగ్రంథం 150 కీర్తనలనూ నెల రోజులకు పంచి, ఏ ఒక్కటీ విడవకుండా చదివించే ఏర్పాటు చేసింది.

తెలుగు పాఠకునికి సూరత్‌తో మరొక బంధుత్వం ఉంది. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లను విశాఖపట్నానికి పంపిన లండన్ మిషనరీ సొసైటీయే 1815లో జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీలను సూరత్‌కు పంపింది. విశాఖలో బైబిలు తెలుగు అనువాదం సాగింది. సూరత్‌లో గుజరాతీ అనువాదం సాగి, 1820ల నాటికి అక్కడి ముద్రణాలయంలోనే అచ్చయింది. తూర్పు తీరపు కీర్తన, పడమటి తీరపు గీతం ఒకే ప్రయత్నానికి రెండు ఫలాలు.

విలాపగీతాల నిర్మాణం మొదట గమనించదగినది. జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ (1862-1932) కీర్తనలను వాటి సందర్భాన్నీ రూపాన్నీ బట్టి వర్గీకరించిన నాటి నుంచి విలాపానికి ఒక నియతక్రమం ఉందని విమర్శకులు గుర్తించారు. సంబోధన, మొర, కారణ నివేదన, అభ్యర్థన, చివరకు విశ్వాస ప్రకటన లేదా స్తోత్రప్రతిజ్ఞ ఆ క్రమంలోని అంగాలు. ఆరు చరణాల 13వ కీర్తన దీనికి చిన్న నమూనా. ‘ఎంతవరకు’ అనే ప్రశ్న అందులో మొదటి రెండు చరణాలలోనే నాలుగుసార్లు వస్తుంది. చివరి చరణాలలో కవి పాడుతున్నాడు, సంతోషిస్తున్నాడు. మధ్యలో ఏం జరిగిందో పాట చెప్పదు. శత్రువు తొలగినట్లు గాని, రోగం నయమైనట్లు గాని ఒక్క మాట లేదు.

ఈ మౌనం విలువ తెలియాలంటే పోతన గజేంద్రమోక్షాన్ని పక్కన పెట్టి చూడాలి. మకరికి చిక్కిన గజరాజు మొరపెట్టుకుంటాడు. ఆర్తులను కాచేవాడు అసలు ఉన్నాడా అని సంశయిస్తాడు. చివరకు తన బలమంతా ఉడిగిందని ఒప్పుకొని శరణు వేడుతాడు. అంతవరకు గజేంద్రుడూ కీర్తనకారుడూ ఒకే దారిలో నడుస్తారు. తర్వాత భాగవతం రక్షణను కళ్లకు కట్టిస్తుంది. వైకుంఠం నుంచి హరి పరుగున రావడం, చక్రం మకరిని ఖండించడం మనం చూస్తాం. కీర్తన ఆ దృశ్యాన్ని ఇవ్వదు. రక్షణ రాకముందే స్తుతి మొదలైందా, వచ్చాక మొదలైందా అనే ప్రశ్నను పాఠకునికే వదిలివేస్తుంది. అందుకే ఆ పాటను ఇంకా రక్షణ అందనివాడు కూడా తనదిగా పాడుకోగలడు.

తెలుగులో దైవాన్ని నిలదీసే మరో మార్గం నిందాస్తుతి. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం ఆ మార్గానికి పరాకాష్ఠ. అక్కడ నింద పైకి కనిపించే రూపం, స్తుతి లోపలి భావం. పాఠకుడు ఆ చమత్కారాన్ని గ్రహించి ఆనందిస్తాడు. కీర్తనల గ్రంథంలో నింద అలంకారం కాదు. నిబంధన తప్పని ప్రజను దేవుడే శత్రువుకు అప్పగించాడని 44వ కీర్తన బాహాటంగా ఆరోపిస్తుంది. 88వ కీర్తన ఆశావాక్యం లేకుండానే ముగుస్తుంది. హీబ్రూ మూలంలో దాని చివరి పదం చీకటి. ఈ తీవ్రతకు తెలుగులో దగ్గరివాడు గోలకొండ చెరలో ఉన్న కంచర్ల గోపన్న. చేయించిన నగలకు లెక్క అడిగిన భక్తుని కోపంలో చమత్కారం కన్న బాధే ఎక్కువ. తెలుగువారు ఆ కోపాన్నీ కీర్తన అనే పిలిచారు. ఆ అర్థంలో తీసుకుంటే దావీదు పాటలకు తెలుగు పెట్టిన పేరు సార్థకమే. కీర్తన అంటే పొగడ్త అని మాత్రమే తలచినప్పుడు గ్రంథంలో సగం మూగబోతుంది.

స్తుతి స్వభావం దీనివల్లనే తేటపడుతుంది. సంపుటిని సంకలనకర్తలు ఐదు స్కంధాలుగా విభజించి, ప్రతి స్కంధాన్నీ స్తోత్రంతో ముగించారు. మొదటి భాగాలలో విలాపం దట్టంగా ఉంది. చివరి ఐదు కీర్తనలు పూర్తిగా స్తుతులు. శోకం నుంచి స్తుతికి సాగే ఈ ప్రయాణం సూటిగా ఉండదు. స్తుతి తర్వాత మళ్లీ శోకం, మళ్లీ స్తుతి. రాజును ఆశీర్వదించే 72వ కీర్తన సైతం అతని వైభవానికి కొలతగా దీనులకు జరిగే న్యాయాన్నే పెట్టింది. బాధితుని ప్రాణం రాజు దృష్టిలో విలువైనదైనప్పుడే ఆ రాజు పొగడ్తకు అర్హుడు. మొర వినిపించని కొలువులో స్తుతి ముఖస్తుతిగా దిగజారుతుందని ఈ కవులకు తెలుసు.

నగరాన్ని ప్రేమించడమంటే దాని గాయాన్ని చెప్పడం అనే భావం సూరత్‌కు పరాయిది కాదు. 1837లో ఆ నగరం అగ్నిప్రమాదానికీ తాపీ నది వరదకూ ఒకే ఏట గురైంది. అప్పటికి పసివాడైన నర్మద్ (1833-1886) తర్వాతి కాలంలో గుజరాత్ గర్వాన్ని గానం చేసిన కవిగా ప్రసిద్ధుడయ్యాడు. తన జన్మస్థలమైన సూరత్ దుస్థితికి కన్నీరు పెట్టిన కవీ అతడే. కూలిన యెరూషలేమును తలచి విలపించిన 74, 79 కీర్తనల కర్తలతో ఆయనకు మనసు కలుస్తుంది.

అదే నగరంలో 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం రైళ్లెక్కి వెళ్లిపోయారు. అటువంటి వేళ విశ్వాసులు ఆశ్రయించే పాట 91వ కీర్తన. చీకటిలో సంచరించే తెగులును పేరుపెట్టి చెప్పి అభయమిచ్చే పాట అది. దానిని విడిగా పఠిస్తే రక్షరేకు మంత్రంలా వినిపించే ప్రమాదం ఉంది. సంపుటిలో దాని స్థానం ఆ ప్రమాదాన్ని నివారిస్తుంది. చీకటితో ముగిసే 88, భగ్నమైన వాగ్దానాన్ని ప్రశ్నించే 89, మానవాయుష్షు అల్పతను తలపోసే 90 దాటిన తర్వాతే పాఠకుడు 91కి చేరుతాడు. అభయం మాట ఆ మూడింటినీ విన్నవానికే చెప్పిన మాట.

మూడవ అంశమైన విమోచన అనువాదంలో ఎక్కువగా రంగు మారింది. దీనికి మూలంలో ఉన్న ముఖ్యపదాలలో ‘గోయేల్’ ఒకటి. అది వేదాంత పరిభాషలో పుట్టిన మాట కాదు. అప్పులపాలై బంధువు భూమి అమ్ముకుంటే దానిని విడిపించవలసినవాడు, తననే అమ్ముకుంటే అతనిని విడిపించవలసినవాడు గోయేల్. లేవీయకాండం 25వ అధ్యాయం ఈ బాధ్యతను ధర్మశాస్త్రంగా నిర్దేశించింది. రూతు కథలో బోయజు నెరవేర్చింది ఈ ధర్మాన్నే. తెలుగు బైబిలు బోయజును సమీప బంధువుగా చెప్పింది. 19వ కీర్తన చివర దేవుణ్ణి ఉద్దేశించిన అదే పదాన్ని విమోచకుడు అంది. రెండు మాటలూ తమ తమ చోట్ల ఒప్పినవే. అయితే ఒకే పదం రెండుగా చీలడం వల్ల, దేవుణ్ణి విమోచకుడన్నప్పుడు కవి అప్పు తీర్చవలసిన దగ్గరి చుట్టాన్ని పిలుస్తున్నాడనే సంగతి తెలుగు పాఠకునికి అందకుండా పోయింది. విలాపంలోని చనువుకూ కోపానికీ కారణం అక్కడే ఉంది. పరాయివాణ్ణి బతిమాలుకుంటాం, ‘ఎంతవరకు’ అని గద్దించగలిగేది చుట్టాన్నే.

మూడు అంశాలూ ఒకే చోట కలిసేది 107వ కీర్తనలో. విమోచన పొందినవారు నాలుగు దిక్కుల నుంచి సమకూడి సాక్ష్యం చెప్పాలని పాట పిలుస్తుంది. ఎడారిలో దారితప్పినవారు, చెరలో బంధితులు, రోగపీడితులు, ఓడలెక్కి మహాజలాల మీద వ్యాపారం చేసేవారు వరుసగా వస్తారు. ప్రతి వర్గమూ ఆపదలో మొరపెడుతుంది, విడుదల పొందుతుంది, కృతజ్ఞత చెప్పవలసిందిగా పిలుపు అందుకుంటుంది. ఈ పల్లవి నాలుగుసార్లు తిరిగి వస్తుంది. స్తుతించేవానికి ఇక్కడ ఉన్న యోగ్యత ఒక్కటే: ఒకనాడు అతడు మొరపెట్టినవాడు. తుఫానులో ఓడవారి తూలుపాటును వర్ణించిన భాగం రేవుపట్టణాల వారికి వివరణ అక్కర లేకుండానే అర్థమవుతుంది.

నేటి సూరత్‌కు జనం ఓడల కన్న రైళ్లలో ఎక్కువగా వస్తున్నారు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి తరలివచ్చిన నేతకుటుంబాలు లింబాయత్ వంటి పేటలలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. వారిలో అధికసంఖ్యాకులు మార్కండేయుని తమ కులమూలపురుషునిగా తలచే పద్మశాలీలు. యమపాశం ముందు శివలింగాన్ని కౌగిలించుకున్న బాలుని కథ తెలిసినవారికి కీర్తనల విలాపం పరాయి మతానికి చెందిన వింత అనిపించదు. పరదేశపు నదీతీరంలో స్వదేశపు పాట ఎలా పాడేదని అడిగిన 137వ కీర్తన ఇంటి భాషను వలస వెంట తెచ్చుకున్న ఎవరికైనా తగులుతుంది.

ఆ 137వ కీర్తనే విమర్శకునికి కఠిన పరీక్ష. అది శత్రువుల పసిబిడ్డలపై శాపంతో ముగుస్తుంది. 1971 నాటి రోమన్ కథోలిక దైనిక ప్రార్థనాగ్రంథం 58, 83, 109 కీర్తనలను పూర్తిగా, ఈ శాపచరణాలను విడిగా వదిలివేసింది. ఆరాధనలో ఆ సంకోచం అర్థం చేసుకోదగినదే. సాహిత్య పఠనంలో మాత్రం వాటిని వదిలితే, గాయపడ్డ మనిషి ప్రతీకారం తన చేతిలోకి తీసుకోకుండా ఆ కోపాన్ని కూడా దేవుని ముందే పెట్టాడన్న నిజం మరుగవుతుంది.

తెలుగు పేరును మార్చవలసిన అవసరం లేదు. దానికి రామదాసు ఇచ్చిన పూర్తి అర్థాన్ని తిరిగి ఇస్తే చాలు. 13ను 150తో, 88ని 91తో కలిపి చదివే పాఠకునికి విలాపం స్తుతిలోనే అంతర్భాగంగా వినిపిస్తుంది. ఆ తర్వాత విమోచన అనే మాట ఎదురైనప్పుడు దాని వెనుక అప్పుపత్రమూ చుట్టరికమూ కూడా అతనికి కనిపిస్తాయి.