పక్క సీటుది కూడా డ్రైవింగే

నానక్‌రామ్‌గూడలో స్టీరింగ్ పట్టినవాడికి నిద్ర రాదు. అవుటర్ ఎక్కేదాకా బైకులూ క్యాబులూ మనిషిని కునుకు తీయనివ్వవు. జైసల్మేర్ నుంచి బికనీర్ వెళ్లే 11వ నంబరు జాతీయ రహదారి మీద ఆ సాయం దొరకదు. దాదాపు 330 కిలోమీటర్ల దారి. చాలాచోట్ల మలుపుండదు, ఎదురుగా బండీ ఉండదు. దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ కారులో చేసిన ఉత్తరాది ప్రయాణంలో నాకు ఘాట్ రోడ్ల కంటే ఈ తిన్నని రోడ్డే కష్టమనిపించింది.

కళ్లు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం మొద్దుబారుతుంది. తారును ఆనుకున్న గాలి కాగి పలచబడి, ఆకాశపు వెలుగును వంచి దూరాన నీళ్లున్నట్టు చూపిస్తుంది. ఆ మెరుపులో ఒంటె నిలబడితే ఎంత దూరంలో ఉందో అంచనాకు అందదు. గాలికి రోడ్డెక్కిన ఇసుకా అంతే, దగ్గరికొస్తే కానీ తెలియదు. వేగం దాని ముందే తగ్గించాలి. ఇసుక మీదికెక్కాక బ్రేకు గట్టిగా తొక్కితే బండి జారుతుంది.

అందుకే పక్క సీటుది కూడా డ్రైవింగే అంటాను. మా ఆవిడ అక్కడ కూర్చుంటే ఫోను ముట్టదు. "ఎడమ పక్క మేకలు", "ముందు ఇసుక" అని చెబుతూనే ఉంటుంది. నా జవాబు కాస్త ఆలస్యమైతే చాలు, "ఇక దిగండి, నేను తీసుకుంటా" అంటుంది. ఆవలింత వచ్చేదాకా ఆగకూడదు, ఓపికుండగానే సీటు మారాలి.

టైర్లలో గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఎండలో పరిగెత్తిన టైరు ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. గాలి తక్కువైన టైరు ఎక్కువగా నలిగి, మరింత వేడెక్కి పేలుతుంది.

రామ్‌దేవ్‌రా దాటాక ఓ చెట్టు కింద ఆగాం. అమ్మ ఆకు పట్టి చూసి, "ఇది మన జమ్మేరా!" అంది. నిజమే. అక్కడివాళ్ల ఖేజ్రీ మన జమ్మే, రాజస్థాన్‌కూ తెలంగాణకూ అదే రాష్ట్ర వృక్షం. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీలో రాజు మనుషులు ఈ చెట్లను నరకబోతే, అమృతాదేవి మొదలుకొని 363 మంది బిష్ణోయిలు వాటిని వాటేసుకుని ప్రాణాలిచ్చారు. ఆ మాట చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది. పిల్లలు రెండాకులు నానమ్మ చేతిలో పెట్టి కాళ్లకు మొక్కారు.

అక్కడి నుంచి మా ఆవిడ నడిపింది. చీకటి పడితే పశువులు, లైట్లు లేని ట్రాక్టర్లు రోడ్డు మీద ఉంటాయి కనుక, పొద్దుండగానే బికనీర్ చేరాలన్నది ఆమె పెట్టిన నియమం. చేరాం.